మంత్రగత్తె ఇంట్లో మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుంది. ఆవిడ రిటైర్డ్ నర్సు. తాను పేగన్‌నని, 'విచ్‌'నని నవ్వుతూ చెప్పుకుంటుందట. కిటికీ దగ్గర కొవ్వొత్తి, ఈక, గిన్నెలో నీళ్లు, ఒక రాయి పెట్టుకుని ఏదో చదువుకుంటుందట. మొన్న జూన్‌లో మా పిల్లను కూడా స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు రాళ్ల వలయం దగ్గరికి తీసుకెళ్లింది, రాత్రంతా అక్కడే ఉన్నారు. చదువుకున్నవాళ్లు ఇందులోకి ఎందుకు వెళ్తారు? ఇది క్షుద్రపూజ కాదు కదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: ముందు హాయిగా నిద్రపోండమ్మా. ఆ కిటికీ సామానులో భయపడాల్సిందేమీ లేదు, కొవ్వొత్తి పక్కన కర్టెన్ ఉందేమో చూసుకోమనండి, అంతే. పేగన్లంటే క్రైస్తవం రాకముందు నాటి ప్రకృతి పూజలను మళ్లీ పట్టుకున్నవాళ్లు. వాళ్లలో చాలామంది రాయిని భూమికి గుర్తుగా ఉత్తరాన, ఈకను గాలికి తూర్పున, కొవ్వొత్తిని నిప్పుకు దక్షిణాన, నీళ్లను పడమట పెట్టుకుంటారు.

'విచ్' అన్న మాటకు మీ గుండె జారడం సహజమే. చేతబడి చేస్తోందన్న ఒట్టి అనుమానంతో ఆడవాళ్లను చంపిన ఊళ్లు మన దగ్గరా ఉన్నాయి. ఆవిడ మాత్రం ఆ మాటను తన మతం పేరుగా వాడుతోంది. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశారు. మూడేళ్లకే, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన పుస్తకం రాసి ఈ పద్ధతిని నలుగురికీ తెలిసేలా చేశాడు. ఇప్పుడు దాన్ని విక్కా అంటున్నారు. పేగన్లలో పూర్వపు కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లున్నారు, థోర్, ఓడిన్‌ అనే ఉత్తర యూరప్ పాత దేవుళ్లను కొలిచేవాళ్లున్నారు, ఏ పేరూ పెట్టుకోకుండా ఇంట్లో దీపం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌ కలిపి సుమారు 74 వేల మంది తమ మతం పేగన్ అని రాసుకున్నారు.

ఎందుకు వెళ్తారంటారా? వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే, మమ్మల్ని ఎవరూ మార్చలేదు, చిన్నప్పటి నుంచీ చెట్ల మధ్య, ఏటి ఒడ్డున మాకు ఏదో అనిపించేది, దానికి పేరుందని తర్వాత తెలిసింది అని. చర్చిలో దేవుణ్ణి ఎప్పుడూ తండ్రీ అనే పిలవాల్సి రావడం కొందరు ఆడవాళ్లకు మింగుడుపడలేదు, ఇక్కడ వాళ్లకు అమ్మవారు దొరికింది. ఊరూరా అమ్మవారున్న మనకు ఆ లోటు చెబితే అర్థం కాదు! నరకం భయం లేదు, అందరూ ఒప్పుకుని తీరాల్సిన గ్రంథమంటూ లేదు. వీటన్నిటికన్నా నాకు బలంగా కనిపించే కారణం ఋతువులు. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, ఆఫీసు, ట్యూబ్‌లైటు, ఫోను మధ్య ఏ కాలం వచ్చిందో ఏ కాలం పోయిందో తెలియని మనిషికి ఏడాదికి ఎనిమిది పండుగలు పెట్టి, ఇవాళ్టి నుంచి పొద్దు పెరుగుతుంది, రండి, మంట వేద్దాం అంటే ఎందుకు వెళ్లరు? జూన్‌లో మీ అమ్మాయి చూసింది ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు పగటి తొలి సూర్యుణ్ణి. రాళ్ల మధ్యన నిలబడితే హీల్ స్టోన్ అనే విడి రాయి దగ్గర పొద్దు పొడుస్తుంది. ఆ రాత్రికి టికెట్ లేకుండానే లోపలికి వదులుతారు, వేల మంది వస్తారు, అందులో సగం మంది తమాషా చూడ్డానికే అనుకోండి.

ప్రశ్న: అంటే మన గ్రామదేవతల కొలుపులాంటిదే కదా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: చూడ్డానికి అలాగే ఉంటుంది. పేగన్‌కు మూలమైన లాటిన్ మాటకు పల్లెటూరివాడనే అర్థం కూడా ఉంది, మన 'బైతు'కు చుట్టమే. కానీ మన బోనాలు తెగిపోలేదు, ఎవరింటి నుంచి బోనం రావాలో, ఎవరు డప్పు కొట్టాలో ఊరికి తెలుసు. అక్కడ ఆ తాడు ఎప్పుడో తెగిపోయింది, ఇప్పుడు పుస్తకాలు చూసి, ఊహించి ముడి వేసుకుంటున్నారు. ఆ ఎనిమిదింటిలో సెప్టెంబరు పండుగను 'మేబన్' అనడం 1970లలో మొదలైంది, దాన్ని వేల ఏళ్ల నాటిదని ఎవరైనా చెబితే నమ్మకండి. కొత్తదైతే మాత్రం తప్పేముందని చాలామంది పేగన్లే అంటారు. మన దగ్గర పుట్టిన ఇల్లే మన వంతేమిటో చెప్పేస్తుంది, అక్కడ ఎవరికి వారు ఎంచుకుని వస్తారు. ఆ ఎంచుకోవడంలో ఒక సుఖం ఉంది. ఒంటరితనమూ ఉంది, ఆ నర్సుగారు పొద్దు పొడుపు చూడ్డానికి తోడుగా అద్దెకున్న పిల్లను తీసుకెళ్లింది చూశారా.