డిష్‌వాషర్ కనిపెట్టినావిడ దాన్ని హోటళ్లకే ఎందుకు అమ్మింది?

ఇంటి కోసం చేసుకున్న మెషిన్‌ని హోటళ్ల చుట్టూ తిరిగి అమ్ముకోవాల్సిన ఖర్మ జోసెఫీన్ కాక్రేన్‌కి ఎందుకు పట్టిందని అడిగారు. ఖర్మేం కాదండి, ఆవిడ కంపెనీ నిలబడిందే హోటళ్ల వల్ల. నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో స్టీవార్డింగ్‌లో చేశాను, అంటే ప్లేట్లూ గ్లాసులూ గిన్నెలూ కడిగించే డిపార్ట్‌మెంట్, తర్వాత ఇవే మెషిన్ల సర్వీస్ లైన్లోకి వచ్చా, అందుకని ఆవిడ గురించి చదువుతుంటే నాకు మెషిన్ కంటే దాన్ని ఎవరికి అమ్మిందన్న దగ్గరే ఎక్కువ ఆసక్తి పుట్టింది.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, షెల్బీవిల్ అనే ఊరు. కలిగిన కుటుంబమే, ఇంట్లో విందులెక్కువ, పనివాళ్లు కడిగేటప్పుడు ఖరీదైన పింగాణీ ప్లేట్లకి అంచులు పెచ్చులూడేవి, ఆవిడకి ఒళ్లు మండేది. 1883లో భర్త పోయాడు, మిగిలినవి చాలావరకు అప్పులే, ఇంక ఆ మెషిన్ ఆలోచనే బతుకుతెరువు అయింది. ఇంటి వెనక షెడ్డులో జార్జ్ బటర్స్ అనే మెకానిక్‌తో కలిసి తయారు చేయించి 1886 డిసెంబర్ 28న పేటెంట్ తెచ్చుకుంది. అంతకుముందు పేటెంట్లు లేవా అంటే ఉన్నాయి, 1850లోనే చేత్తో తిప్పే చెక్క మెషిన్ ఒకటుంది, కానీ పనికొచ్చేలా కడిగేది కాదు. ఈవిడ ప్లేట్లకీ కప్పులకీ సాసర్లకీ విడివిడిగా కొలతలు తీసి వైరుతో అరలు కట్టించింది, వాటిని రాగి బాయిలర్ లోపల చక్రం మీద పెట్టి కింది నుంచి వేడి సబ్బునీళ్లు ప్రెషర్‌తో కొట్టించింది. ఇప్పుడు మేం వాడే రాక్‌లూ దాదాపు అదే లెక్క, వైరు పోయి ప్లాస్టిక్ వచ్చింది అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. హోటల్లో ప్లేట్లు కడగడం అంటే నెలాఖరున కనపడే ఖర్చు. సింకులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి నానేస్తారు, పెళ్లి బాంకెట్ ఉన్న రాత్రి కుర్రాళ్లు ఆ గుట్టలోంచే లాగుతుంటారు, అంచు పోయేది అక్కడే, అంచు పోయిన ప్లేటు గెస్ట్ ముందు పెట్టలేం, నేరుగా బ్రేకేజ్ రిజిస్టర్‌లోకే (పగిలినవాటి లెక్క రాసే పుస్తకం). రాక్‌లో ఏ ప్లేటుకి ఆ అర, ఒకటి ఇంకోదానికి తగలదు. ఇది మేనేజర్‌కి చెప్పక్కర్లేదు, ఆ రిజిస్టర్ చూపిస్తే చాలు. పైగా హోటల్‌కి బాయిలర్ ఉంటుంది, వేడినీళ్లకి కరువు లేదు. అదే అప్పటి ఇళ్లలో ఈ మెషిన్‌కి సరిపడా వేడినీళ్లు ఉండేవి కావు, చాలా ఊళ్లలో హార్డ్ వాటర్ (ఖనిజాలు ఎక్కువున్న నీళ్లు) కావడంతో సబ్బు నురగే వచ్చేది కాదు, అంత ఖర్చు పెట్టే నిర్ణయం ఇంట్లో ఆడవాళ్ల చేతిలోనూ లేదు.

అలాగని హోటళ్లకి అమ్మడం తేలికేం కాదు. షికాగోలో పామర్ హౌస్ హోటల్ తీసుకున్నాక షెర్మన్ హౌస్‌కి పరిచయాలేం లేకుండా ఒక్కతే వెళ్లింది. మగతోడు లేకుండా హోటల్ లాబీ దాటడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు, అడుగడుక్కీ కళ్లు తిరిగి పడిపోతానేమో అనిపించిందట, కానీ బయటికొచ్చేసరికి చేతిలో 800 డాలర్ల ఆర్డర్! పెట్టుబడి పెడతామన్న మగాళ్లేమో నువ్వు తప్పుకుని కంపెనీ మాకప్పగించు అన్నారు. వర్క్‌షాపులో మనుషులు కూడా ముందు వాళ్ల పద్ధతిలో చేసి చెడగొట్టాకే ఆవిడ చెప్పింది వినేవాళ్లట (ఈ ముక్క చదివి నవ్వొచ్చింది, ఫాబ్రికేషన్ షెడ్డుల్లో ఇప్పటికీ ఇదే భాగోతం).

1893లో షికాగో వరల్డ్ ఫెయిర్‌లో మెషిన్‌కి అవార్డు వచ్చింది, అంతకంటే పెద్ద విషయం ఏంటంటే అక్కడి రెస్టారెంట్లే వేలమంది ఎంగిలి ప్లేట్లు వాటితో కడిగించాయి. తర్వాత హాస్పిటళ్లూ కాలేజీలూ కొనడం మొదలెట్టాయి, మరిగే నీళ్లతో కడిగితే రోగాలు అంటవని. ఇప్పటి చాలా కమర్షియల్ మెషిన్లలోనూ ఫైనల్ రిన్స్ (చివరిసారి కడిగే నీళ్లు) 80 డిగ్రీలు దాటాలనేది అందుకే, సర్వీస్‌కి వెళ్తే నేను ముందు చూసేది ఆ మీటరే.

ఆవిడ 1913లో పోయింది. 1926లో హోబార్ట్ అనే వంటింటి మెషిన్ల కంపెనీ వాళ్లు ఆవిడ కంపెనీని కొన్నారు, కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్లకి డిష్‌వాషర్ వచ్చేసరికి 1949. మీరు ఇంటికి ఒకటి కొందామనుకుంటుంటే, బోరు నీళ్లైతే మెషిన్‌లో వేసే సాఫ్ట్‌నర్ ఉప్పు (హార్డ్ వాటర్‌ని మెత్తబరచడానికి వాడేది) అయిపోకుండా చూసుకోండి, లేకపోతే గ్లాసుల మీద తెల్లటి పొర కట్టేస్తుంది, మెషిన్‌ని తిట్టి లాభం లేదు.