1976 స్ట్రాటోక్యాస్టర్ కొనవచ్చా? ఏ సంవత్సరాల గిటార్లు మంచివి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చెన్నైలో ఒకాయన 1976 నాటి అమెరికన్ ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారును అమ్మకానికి పెట్టారు. కొత్తదాని ధరకు దాదాపు రెట్టింపు అడుగుతున్నారు. 1965కు ముందు చేసినవే మంచివని, డెబ్బైలలో వచ్చినవి దండగ అని ఒక స్నేహితుడు చెప్పాడు. పాతదైతే చాలు, ఏదైనా బంగారమేనని ఇంకొకరు చెప్పారు. మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తయారైన సంవత్సరం తెలిస్తే ఆ గిటారులో ఏమేమి వెతకాలో తెలుస్తుంది. అది మంచి గిటారా కాదా అనేది విప్పి చూస్తే, చేతిలోకి తీసుకుని వాయిస్తే తప్ప తెలియదు. ఈ మాట మా మేనమామ గిటారు వల్ల నాకు తెలిసివచ్చింది.

మాది నెల్లూరు. 1998లో చదువు కోసం చెన్నై వచ్చి వడపళనిలో మామయ్య ఇంట్లో ఉన్నాను. ఆయన ఇరవై ఏళ్లకు పైగా సినిమా రికార్డింగులలో గిటారు వాయించారు. ఆయన దగ్గర 1974 స్ట్రాట్ (స్ట్రాటోక్యాస్టర్‌కు పొట్టి పేరు) ఉండేది. ఓడలో పనిచేసే ఒకతను తెచ్చి హార్బరు దగ్గర అమ్మాడట. విదేశీ వాద్యం చేతికి రావడమే గగనమైన ఆ రోజుల్లో అది ఏ సంవత్సరానిదని ఎవరూ అడగలేదు, దొరికిందే మహాభాగ్యం. నేను ఆ గిటారు మీదే నేర్చుకున్నాను. తరువాత తెలిసినవాళ్ల గిటార్లు బాగుచేయడం అలవాటై, పదిహేనేళ్లుగా ఆదివారాలు ఆ పనిలోనే గడుస్తున్నాయి.

ఈ సంవత్సరాల గొడవ ఎక్కడ మొదలైందో తెలిస్తే మీ అయోమయం సగం తీరుతుంది. స్ట్రాటోక్యాస్టర్ 1954లో వచ్చింది. 1965 జనవరిలో లియో ఫెండర్ తన సంస్థను సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. వాద్యకారులు అక్కడ ఒక గీత గీశారు: సీబీఎస్‌కు ముందు, సీబీఎస్ తరువాత. ఫ్యాక్టరీలో మాత్రం ఆ నెలలో ఏమీ మారలేదు. అదే పనివాళ్లు, అవే యంత్రాలు, అరల్లో మిగిలిన అవే విడిభాగాలు. మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1965 చివర్లో తల భాగం పెద్దదైంది. 1968 ప్రాంతంలో పలుచని నైట్రోసెల్యులోజ్ లక్క పోయి మందపాటి పాలియెస్టర్ పూత వచ్చింది. 1971లో నెక్‌ను (మెడను) బాడీకి బిగించే నాలుగు స్క్రూలు మూడయ్యాయి. దాదాపు అదే సమయంలో తీగలను బాడీకి పట్టి ఉంచే బ్రిడ్జి కింద ఉండే ఉక్కు దిమ్మ స్థానంలో జింకు మిశ్రమంతో పోతపోసిన దిమ్మ పెట్టడం మొదలుపెట్టారు. ఖర్చు తగ్గించుకుని ఎక్కువ గిటార్లు చేయాలనే తొందర ఈ మార్పులలో కనిపిస్తుంది. డెబ్బైల గిటార్ల మీద వచ్చిన నిందకు మూలం అక్కడ ఉంది. ఆ నింద పూర్తిగా అబద్ధం కాదు.

అలాగని ఆ గీతను గుడ్డిగా నమ్మడానికీ లేదు. 1969లో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయించిన తెల్ల స్ట్రాట్ 1968లో తయారైంది. పింక్ ఫ్లాయిడ్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్క్‌లో కొన్న నల్ల స్ట్రాట్ 1969 నాటిది. 2019 వేలంలో అది దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. రెండూ సీబీఎస్ కాలంవే. పైగా గిల్మర్ దాని నెక్‌నూ పికప్‌లనూ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఎన్నోసార్లు మార్చారు.

ఇక నా బల్ల మీద జరిగింది చెబుతాను. 2014 డిసెంబరులో ఒక మిత్రుడు తన 1978 స్ట్రాట్ తెచ్చాడు. శ్రుతి నిలవడం లేదని, పై ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) దగ్గర లావు తీగ అంచు దాటి జారిపోతోందని అతని ఇబ్బంది. మామయ్య గిటారుకు కూడా అదే వారం కొత్త ఫ్రెట్లు వేయాల్సి ఉంది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టాను. రెండింటికీ మూడు స్క్రూలే, పూత ఒకే రకం, ఫ్యాక్టరీ ఒక్కటే, మధ్య తేడా నాలుగేళ్లు. మిత్రుడి గిటారు మెడ పట్టుకుని పక్కకు కొద్దిగా నెట్టాను. కదిలింది. నెక్‌కూ దాన్ని కూర్చోబెట్టే గుంటకూ మధ్య సందులోకి రూపాయి బిళ్ల నిలువుగా దూరింది. మామయ్య గిటారులో అదే చోట విజిటింగ్ కార్డు పెట్టి చూస్తే అంచు కూడా దిగలేదు. ఇంట్లో ఉన్న తూకం మీద పెడితే ఒకటి 3.7 కిలోలు, ఇంకొకటి 4.7. ఒక గంటసేపు నిలబడి వాయిస్తే ఆ కిలో తేడా ఏమిటో భుజానికి తెలుస్తుంది.

మామయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు గుంటలనూ వేలితో తడిమి చూశారు. “మూడు స్క్రూలు ఏం పాపం చేశాయిరా? ఆ రోజు ఈ చెక్క కోసినవాడు నిదానంగా కోశాడు, దాన్ని కోసినవాడు తొందరపడ్డాడు” అన్నారు. ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజుల్లో గుంట కోయడం, నెక్ ఆకారం తీర్చడం, రాపిడి పెట్టడం చాలావరకు మనిషి చేతిలో పని. పని ఒత్తిడి పెరిగినకొద్దీ ఒక గిటారుకూ మరో గిటారుకూ మధ్య అంతరం పెరిగింది. డెబ్బైలలో మంచివి తయారుకాకపోలేదు. మంచిది చేతికి వచ్చే అవకాశం తగ్గిందంతే. కంప్యూటరుతో నడిచే కోత యంత్రాలు వచ్చాక ఆ అంతరం బాగా తగ్గింది. అందుకే గత ముప్పై ఏళ్లలో తయారైన వాటి విషయంలో ఫలానా సంవత్సరం గొప్పదనే మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

సంవత్సరం తేల్చడం కూడా అనుకున్నంత సులువు కాదు. మామయ్య గిటారు లోపల వాల్యూం పాట్ (శబ్దం పెంచి తగ్గించే మీట కింది భాగం) వెనుక 1377345 అని ముద్ర ఉంది. 137 అంటే దాన్ని చేసిన సీటీఎస్ సంస్థ గుర్తు, 73 అంటే 1973, 45 అంటే ఆ ఏడాది నలభై ఐదో వారం. అంటే ఆ పాట్ 1973 నవంబరులో తయారై, ఆ తరువాత గిటారులోకి ఎక్కింది. దీన్నిబట్టి గిటారు అంతకంటే ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది. 1966లో కొన్న పాట్లు కుప్పలుగా మిగిలిపోవడంతో ఆ దశాబ్దం చివరి వరకు ఫెండర్ వాటినే వాడింది. కాబట్టి 66 ముద్ర కనిపించగానే 1966 గిటారని పొంగిపోకూడదు. సీరియల్ నంబరు ఉన్న లోహపు పలకలను కూడా పెట్టెలోంచి చేతికి వచ్చినట్టు తీసి బిగించేవారు. నంబర్ల వరుసకూ తేదీల వరుసకూ పొంతన కుదరదు.

ఫెండర్‌కు పోటీ సంస్థ గిబ్సన్ సంగతి కొద్దిగా. అందరూ కలవరించే లెస్ పాల్ సన్‌బర్స్ట్ (మధ్యలో లేత, అంచుల్లో ముదురు రంగు వేసిన) గిటార్లు 1958 నుంచి 1960 వరకు తయారైనవి. మొత్తం రెండు వేలకు లోపే. అప్పట్లో అవి సరిగ్గా అమ్ముడుపోక 1961లో ఆకారమే మార్చేశారు. అరవైల మధ్యలో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వంటివారు వాడాక వాటికి గిరాకీ వచ్చింది. వాటి పికప్‌లలో ఎన్ని చుట్లు చుట్టారో, ఏ రకం అయస్కాంతం పెట్టారో ఒకదానికొకటి పొంతన లేదు. మీటరు పెట్టి కొలిస్తే ఒకటి 7 కిలో ఓములు, మరొకటి 9 చూపిస్తుంది. 1959 శబ్దం అని ఒక్క శబ్దం ఎలా ఉంటుంది?

శబ్దం మాట వచ్చింది కాబట్టి 2012లో మా ఇంట్లో చేసిన పరీక్ష చెప్పాలి. మామయ్య 1974 స్ట్రాట్, జపాన్‌లో తయారైన నా 1983 స్క్వయర్ (ఫెండర్‌దే తక్కువ ధర బ్రాండు), పక్కింటి అబ్బాయిది మెక్సికోలో తయారైన కొత్త స్ట్రాట్. మూడింటికీ ఒకే రకం కొత్త తీగలు ఎక్కించి, ఒకే ఆంప్లిఫయర్‌తో పక్క గదిలోంచి వాయించాను. మామయ్య తలుపు ఇవతల కూర్చుని విన్నారు. ముప్పై ఏళ్లుగా రోజూ వాయిస్తున్న తన గిటారును ఆయన గుర్తుపట్టలేదు, మెక్సికోదాన్ని తనదన్నారు. అంతలో కరెంటు పోయింది. ఆ ఏడాది చెన్నైలో కోతలు ఎలా ఉండేవో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చీకట్లోనే మూడు గిటార్లూ ఒకదాని తరువాత ఒకటి ఆయన చేతికిచ్చాను. తనది చేతిలో పడగానే బొటనవేలు నెక్ వెనక్కి వెళ్లింది. “ఇది నాది” అన్నారు. ఒక్క స్వరం కూడా పలికించలేదు.

అప్పటినుంచి నేను గిటారు చూసే పద్ధతి మారింది. సంవత్సరం ప్రభావం చెవికంటే చేతికి ఎక్కువ తెలుస్తుంది. నెక్ మందం, ఫ్రెట్ల ఎత్తు, ఫ్రెట్‌బోర్డు ఒంపు కాలాన్నిబట్టి నిజంగానే మారాయి. 1958 గిబ్సన్ నెక్‌లు లావు, 1960 నాటికి సన్నబడ్డాయి. పాత స్ట్రాట్ ఫ్రెట్‌బోర్డు ఒంపు 7.25 అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటుంది. ఎనభైల రెండో సగంలో వచ్చిన అమెరికన్ స్టాండర్డ్‌లో అది 9.5 అంగుళాలై చదునైంది. మన సంగీతం వాయించేవారికి ఇది చిన్న విషయం కాదు. గమకం కోసం తీగను పక్కకు లాగాలి. గుండ్రటి బోర్డు మీద తీగలు తక్కువ ఎత్తులో ఉంటే, పై ఫ్రెట్ల దగ్గర లాగిన తీగ ఎదుటి ఫ్రెట్‌కు తగిలి స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. పాలకొల్లు నుంచి చెన్నై వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మలుచుకున్న మనిషి ఆయన. మీరు కర్ణాటక బాణీలో వాయించేవారైతే, 1976 గిటారు ఎంత గొప్పదైనా ఆ ఒంపు మీ చేతికి నచ్చకపోవచ్చు.

జపాన్ గిటార్ల గురించి ఒక మాట. 1982లో మత్సుమొటోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీ ఫెండర్ కోసం 1957, 1962 నమూనాలను తిరిగి చేయడం మొదలుపెట్టింది. ఒక కాలం గిటార్లన్నీ దాదాపు ఒకే తీరుగా బాగుంటాయని నేను ధైర్యంగా చెప్పగలిగేది అక్కడి మొదటి రెండు మూడేళ్ల సరుకు గురించే. నా చేతిలోకి వచ్చిన వాటిలో గుంట వదులుగా ఉన్నది ఒక్కటీ లేదు.

ఇంకొకటి ఉంది. చెన్నైలో పాత గిటారు కొనేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే. అది ఎక్కడ తయారైందో అడిగేముందు ఇక్కడ ఎక్కడ ఉండిందో అడగండి. తిరువాన్మియూరులో సముద్రానికి రెండు వీధుల ఇవతల పదేళ్లు గోడకు వేలాడిన గిటార్లను విప్పాను. బ్రిడ్జి మరలు తుప్పుపట్టి ముద్దగా అతుక్కుపోయి, పాట్లు తిప్పితే గరగరమంటూ, మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ కదలకుండా ఉండేవి. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో చెక్క తేమ పీల్చుకుంటుంది. ఏసీ గదిలో పెడితే ఆరిపోయి ముడుచుకుంటుంది, ఫ్రెట్ల చివరలు అంచు దాటి వేలికి గుచ్చుకుంటాయి. ఇలా ఏడాదికి పదిసార్లు జరిగితే ఎంత మంచి సంవత్సరంలో పుట్టిన నెక్ అయినా వంగుతుంది. మామయ్య మాత్రం వాయించిన ప్రతిసారీ తీగలు పాత పంచె ముక్కతో తుడిచి పెట్టెలో పెట్టేవారు. ఆయన గిటారు ఇంకా నిలిచి ఉండటానికి 1974 కంటే ఆ పంచె ముక్కే ఎక్కువ కారణం.

ఇక మీరు చూడబోయే గిటారు. ముందుగా అది నిలబడి అరగంట మోయగలిగే బరువేనా చూడండి. నెక్‌ను పక్కకు నెట్టి కదులుతుందేమో, లావు తీగ, సన్న తీగ రెండూ అంచులకు సమాన దూరంలో ఉన్నాయేమో గమనించండి. తల దగ్గర తూటా ఆకారంలో ఉండే ట్రస్ రాడ్ మరను పావు చుట్టు మాత్రం తిప్పించి చూడండి. ఆ మర పూర్తిగా బిగిసి ఉండి, నెక్ ఇంకా ముందుకు వంగి ఉంటే వదిలేయండి. అది పెద్ద మరమ్మతు. పికప్‌లను ఎంచుకునే స్విచ్ మూడు స్థానాలదా, అయిదుదా అన్నదీ చూడండి. అయిదుది 1977లో వచ్చింది. మీ దానికి అదే ఉంటే తరువాత ఎవరో మార్చారని అర్థం. వాయించడానికి అది లాభమే గాని, ఏదీ మార్చని అసలు గిటారని చెప్పి అడిగే ధరకు అది సరిపోదు. నెక్ గుంట బాగుండి, పాట్లు, పికప్‌లు అసలువే అయితే కొత్తదాని ధర వరకు ఇవ్వవచ్చు. రెట్టింపు మాత్రం నేనైతే ఇవ్వను.

విప్పి చూపించమని ఫోనులోనే ముందుగా మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే వెళ్లనవసరం లేదు. ఒప్పుకుంటే స్క్రూడ్రైవరు, చిన్న టార్చి, కొత్త తీగల సెట్టు మీరే పట్టుకెళ్లండి. వదులు చేసిన పాత తీగలను తిరిగి బిగిస్తే తెగిపోతాయి, అవతలివారి గిటారును తీగలు లేకుండా వదిలి రావడం బాగుండదు.