క్యోటో ట్రిప్‌కి పర్సనల్ లోన్: కార్డు లిమిట్ మీ డబ్బు కాదు

ప్రశ్న: హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. నా వయసు 32, జీతం చేతికి 82 వేలు వస్తుంది. నా భార్య స్కూల్ టీచర్, 24 వేలు. మూడేళ్ల బాబు. వచ్చే మార్చి చివర్లో మా ఐదో పెళ్లిరోజు. సకురా (చెర్రీ) పూలు పూసే ఆ రోజుల్లో జపాన్‌లోని క్యోటోలో ఆరు రాత్రులు ఉండి రావాలని మా ఇద్దరి కోరిక. విమాన టికెట్లు 1.65 లక్షలు, హోటల్ 1.2 లక్షలు, ఇద్దరికీ జేఆర్ పాస్ (జపాన్ రైళ్ల పాస్) 60 వేలు, తిండికీ గుళ్ల టికెట్లకూ 50 వేలు, షాపింగ్ 25 వేలు, మొత్తం 4.2 లక్షలు. బ్యాంకులో 60 వేలున్నాయి, అవి కదపను. యాప్‌లో 3 లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. మిగతా 1.2 లక్షలు కార్డు మీద పెడతాను. వీసాకి బ్యాలెన్స్ చూపించడానికీ లోన్ డబ్బు పనికొస్తుంది. నెలకు 10 వేల ఎస్ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది), 14,500 కారు ఈఎంఐ (వచ్చే ఆగస్టుతో అయిపోతుంది), అన్నీ పోను 16 వేలు మిగులుతాయి. ఏప్రిల్‌లో బోనస్ 1.2 లక్షలు వస్తుంది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సు 3 లక్షలు. తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు విడిగా పాలసీ లేదు, నాన్నకు సుగర్. ఎమర్జెన్సీ వస్తే కార్డు లిమిట్ 4 లక్షలుంది. పర్సనల్ లోన్ మంచిదా, గోల్డ్ లోన్ మంచిదా?

జవాబు: రెండూ వద్దు. ముందు మీ లెక్కే మీకు చూపిస్తాను.

3 లక్షలు, 14 శాతం, 36 నెలలు. ఈఎంఐ 10,250 దాకా పడుతుంది. వడ్డీ ఒక్కటే 69 వేలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, దానిమీద జీఎస్టీతో కలిపి ఇంకో 7 వేలు. కార్డు మీద పెట్టే 1.2 లక్షలను ఏడాదిలో తీర్చాలంటే, వడ్డీ లేదనుకున్నా నెలకు 10 వేలు. రెండూ కలిపి 20 వేలు దాటాయి. మీకు మిగిలేది 16 వేలు. అంటే పిల్లాడికి జ్వరం రాకముందే, బండి టైరు మార్చకముందే, ఏ బంధువు పెళ్లీ రాకముందే మీరు నెలనెలా లోటులో ఉంటారు. ఆ లోటు మళ్లీ కార్డే పూడుస్తుంది. కార్డు బాకీ మొత్తం కట్టలేక నెట్టుకొచ్చేవారికి వడ్డీ ఏడాదికి 40 శాతం పైనే పడుతుంది. చదువుకున్నవాళ్లు, జీతం వచ్చేవాళ్లు ఈ కూడిక ఎందుకు వేసుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన వాక్యం "ఎమర్జెన్సీ వస్తే కార్డు లిమిట్ ఉంది" అన్నది. ఈ మాట ఈ మధ్య చాలామంది రాస్తున్నారు, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. లిమిట్ అంటే బ్యాంకు మీకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. దాన్ని తగ్గించే హక్కు బ్యాంకుకు ఉంది. జీతం జమ కావడం ఆగినప్పుడో, ఒక ఈఎంఐ తప్పినప్పుడో తగ్గిస్తుంది. అంటే మీకు అవసరం పడిన నెలలోనే అది చేతికి అందకపోవచ్చు. పైగా ఆ 4 లక్షల్లోంచి 1.2 లక్షలు ట్రిప్‌కే వాడుతున్నారు. ఒకే లిమిట్‌ని విహారానికీ ఆపదకీ రెండుసార్లు లెక్కేశారు.

ఎస్ఐపీ పక్కన పెడితే మీ ఇంటి ఖర్చు నెలకు 80 వేలు. మీ దగ్గరున్న 60 వేలు మూడు వారాలకు సరిపోతాయి. ఉద్యోగం పోతే కొత్తది దొరకడానికి మూడు వారాలు చాలవని మీ ఆఫీసులో ఎవర్ని అడిగినా చెప్తారు. ఉద్యోగంతో పాటు ఆ 3 లక్షల హెల్త్ కవర్ కూడా పోతుంది. మీ నాన్నగారి సుగర్‌కి ఇప్పుడు పాలసీ తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్ల వరకు ఉండొచ్చు. ఆ గడియారం మొదలయ్యేది పాలసీ తీసుకున్న రోజునే. ఈ ఏడాది ట్రిప్‌కని వాయిదా వేస్తే, ఆ మూడేళ్లూ ఒక ఏడాది వెనక్కి జరుగుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ఇంకేం కారణం చెప్తారు?

మీ ట్రిప్ బడ్జెట్‌లోనూ ఇదే లోపం. షాపింగ్‌కి 25 వేలు రాశారు, ట్రావెల్ ఇన్సూరెన్సుకి రూపాయి రాయలేదు. మనం ఇక్కడ కట్టే మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు విదేశంలో పనిచేయవు. జపాన్‌లో టూరిస్టు ఆస్పత్రి బిల్లు పూర్తిగా తనే కట్టుకోవాలి. పెద్ద బిల్లు బాకీ పెట్టి వచ్చేసిన విదేశీయులను తర్వాత దేశంలోకి రానివ్వకుండా ఆపే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. మూడేళ్ల పిల్లాడితో వెళ్తూ ఇది వదిలేయడం సాహసం కాదు, నిర్లక్ష్యం.

వీసా సంగతి. కొన్ని నెలల స్టేట్‌మెంట్‌లో చివరి వారం హఠాత్తుగా 3 లక్షలు ఊడిపడితే, అది లోన్ అని ఆ ఎంట్రీలోనే రాసి ఉంటుంది. చూసేవాళ్లకు చదవడం వచ్చు.

జేఆర్ పాస్ కొట్టేయండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో రానుపోను టికెట్టే 28 వేల యెన్ల చుట్టూ ఉంటుంది. మీరు టోక్యోకి వెళ్లడం కూడా లేదు. ఒసాకా పక్కన కాన్సాయ్ ఎయిర్‌పోర్టులో దిగండి, హరుకా రైలు గంటంపావులో క్యోటోలో దింపుతుంది. ఊళ్లో తిరగడానికి సిటీ బస్సు, సబ్‌వే చాలు. రెండిటికీ కలిపి రోజు పాస్ 1,100 యెన్లు. పక్క ఊరు నారాకి రైల్లో గంటలోపే. బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే టికెట్ అక్కర్లేదు. ఇక్కడే 60 వేలు కాస్తా 15 వేలకు దిగుతుంది. గుళ్ల ఖర్చు గురించి బెంగ వద్దు. కింకాకుజి బంగారు మండపానికి 500 యెన్లు, ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాల కొండకు అసలు టికెట్టే లేదు, రాత్రయినా మూయరు. 2026 మార్చి నుంచి పెరిగిన వసతి పన్ను మీ స్థాయి గదికి మనిషికి రాత్రికి 400 యెన్లు, అంతే.

మిమ్మల్ని ముంచుతున్నది సకురా. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో క్యోటో హోటళ్లు ఏడాదిలోకెల్లా ఖరీదు. పైగా అప్పుడు మీ శ్రీమతికి పరీక్షల సమయం, సెలవు ఎలా దొరుకుతుందో మీరు రాయలేదు. వేసవి సెలవుల్లో, మే రెండో వారంలో వెళ్లండి. జపాన్ వాళ్ల గోల్డెన్ వీక్ సెలవులు మే మొదటి వారంతో అయిపోతాయి, గదుల ధరలు దిగుతాయి. మే 15న ఆవోయి మత్సురి, పాత రాజప్రాసాదం నుంచి షిమోగామో, కామిగామో మందిరాలకు రాచకాలపు దుస్తుల్లో ఊరేగింపు. నా దృష్టిలో పూల కింద జనంలో తోసుకోవడం కంటే అదే నయం. గది 10 వేల లోపు చూసుకుని, షాపింగ్ తీసేసి, ఇన్సూరెన్సు, వీసా కలుపుకున్నా మొత్తం 3 లక్షల్లో తేలుతుంది.

అయితే వచ్చే మే కాదు, ఆ పై ఏడాది మే. ఎస్ఐపీని 5 వేలకు తగ్గించండి (ఆపొద్దు). మిగులుతో కలిపి నెలకు కనీసం 20 వేలు పక్కకు వస్తాయి. ఈ అక్టోబరు నుంచి మార్చి దాకా అవి, ఉన్న 60 వేలు, ఏప్రిల్ బోనస్ కలిపితే 3 లక్షలు. అందులో మీ ముగ్గురికీ, అమ్మానాన్నలకూ హెల్త్ పాలసీలకు 60 వేలు అనుకుందాం, నాన్నగారి ఆరోగ్యాన్ని బట్టి పెరగొచ్చు. బోనస్ కోసం ఆగకండి, పాలసీలు ఈ నెలలోనే తీసుకోండి. మిగిలే 2.4 లక్షలు మూడు నెలల ఖర్చు. ఆగస్టు దాకా వచ్చేది కూడా అందులోనే వేయండి, 3.4 లక్షలవుతుంది. కారు ఈఎంఐ అయిపోయాక నెలకు 34,500 చేతిలో ఉంటాయి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఎనిమిది నెలలు దాచితే 2.76 లక్షలు, తక్కువపడే పాతిక వేలు ఆ ఏప్రిల్ బోనస్‌లోంచి తీస్తే ట్రిప్ సొంత డబ్బుతో అయిపోతుంది. ఆ బోనస్‌లో ఇదీ, ప్రీమియాలూ పోను మిగిలింది మళ్లీ ఎమర్జెన్సీ ఫండ్‌లోకే. ఈ ఫండ్ వేరే బ్యాంకులో, యాప్ రోజూ తెరవని అకౌంట్‌లో ఉంచండి. కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్, కొంత సేవింగ్స్, ఇంకే ప్రయోగాలూ వద్దు.

గోల్డ్ లోన్ వడ్డీ కాస్త తక్కువే. కానీ నగలు తాకట్టు పెట్టి పెళ్లిరోజు చేసుకోవడం గురించి మీ శ్రీమతిని అడిగారా? టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) గురించి ఏమీ రాయలేదు. లేకపోతే అదీ ఈ నెలలోనే.

టికెట్లు ప్రయాణానికి ఐదారు నెలల ముందు చూడటం మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్సు టికెట్లు కొన్న రోజే తీసుకోండి, ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.