గోదావరి మీద జలవిద్యుత్తు: ఏది కట్టాలి, ఏది వదలాలి?

ప్రశ్న: మాది ఏటూరునాగారం దగ్గరి ఊరు. వానకాలమంతా గోదావరి మా కళ్లముందే నిండుగా పారి సముద్రంలో కలిసిపోతుంది. ఇచ్చంపల్లి దగ్గర పెద్ద ఆనకట్ట కట్టి కరెంటు తీస్తారన్న మాట మా నాన్నగారి కాలం నుంచీ వింటున్నాం. ఒకే నదీ పరీవాహక ప్రాంతంలో అనేక చోట్ల ప్రాజెక్టులకు వీలున్నప్పుడు ఏది కట్టాలో, ఏది మానుకోవాలో ఏ లెక్కతో నిర్ణయిస్తారు?
– డిగ్రీ విద్యార్థి, ములుగు జిల్లా

జవాబు: మీరు వానకాలపు గోదావరిని చూసి అడిగారు, నేను ఎండకాలపు గోదావరితో మొదలుపెడతాను. ఏప్రిల్ నెలాఖరున ముల్లకట్ట వంతెన కిందికి దిగి చూడండి. పాయ ఒక పక్కకు ఒదిగి సన్నగా పారుతుంటుంది, మిగిలినదంతా ఇసుక తిన్నెలే. చెలిమ తీస్తే నీరు ఊరుతుంది. టర్బైన్ (నీటి వేగానికి తిరిగి కరెంటు తీసే చక్రం) ఏడాది పొడవునా తిరగాలంటే ఆ నెలల్లో కూడా నీరు కావాలి. అందుకే మన దేశంలో జలవిద్యుత్ కేంద్రం ఇవ్వగల కరెంటును 90 శాతం భరోసా గల సంవత్సరాన్ని ఆధారం చేసుకుని, అంటే పదేళ్లలో తొమ్మిదేళ్లు కనీసం అంత నీరు వస్తుందన్న లెక్కతో అంచనా వేస్తారు. సాగునీటి ప్రాజెక్టులకు ఈ భరోసా 75 శాతం ఉంటే చాలు.

నీటితో పాటు ఎత్తు కూడా కావాలి. ఒక టీఎంసీ నీరు 30 మీటర్ల ఎత్తు నుంచి పడితే, యంత్రాల్లో పోయే నష్టం తీసేయగా దాదాపు 20 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే నీరు 300 మీటర్ల నుంచి పడితే 2 కోట్ల యూనిట్లు వస్తుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను, ఆ దిగువన ఇంద్రావతిని కలుపుకొని వచ్చే గోదావరికి నీటి కొరత తక్కువే గాని, ఇక్కడి నేల వాలు చాలా తక్కువ. ఇలాంటి చోట ఎత్తును ఆనకట్టతోనే తెచ్చుకోవాలి, గోడను ఒక్కో మీటరు పెంచిన కొద్దీ వెనక్కి ఎన్నో ఊళ్ల పొలాలూ అడవీ మునుగుతాయి. ఇచ్చంపల్లి ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. గోదావరి జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో ఇచ్చిన తీర్పులో చేరిన అంతర్రాష్ట్ర ఒప్పందాల్లో ఈ ప్రాజెక్టు ప్రస్తావన ఉన్నా, ముంపులో పెద్ద భాగం మహారాష్ట్రకూ, నేటి ఛత్తీస్‌గఢ్‌కూ పడుతుంది కాబట్టి అది కాగితం దాటలేదు.

దీనికి పూర్తి భిన్నంగా సీలేరు లోయను చూడండి. ఎగువన జలాపుట్ జలాశయం వాన నీటిని నిలబెట్టి నెలనెలా వదులుతుంది. మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్ల యంత్రాలను తిప్పిన ఆ నీరు బలిమెల జలాశయానికి చేరి, అక్కడి నుంచి ఒక వాటా ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాల గుండా దిగి శబరి ద్వారా గోదావరిలో కలుస్తుంది. ఒకే నీరు ఇన్నిసార్లు పని చేయడం కొండల వల్ల ఎంతగా సాధ్యమైందో, పై జలాశయం వల్లా అంతే సాధ్యమైంది. అది లేకపోతే కింది కేంద్రాల విలువ సగానికి సగం పడిపోయేదని నా అభిప్రాయం. కాబట్టి నాలుగు చోట్ల వీలున్నప్పుడు నాలుగింటికీ విడివిడిగా యూనిట్ ధర కట్టి, చవకైన దాన్ని ముందు పెట్టుకోవడం తప్పుదారి. ఏది కడితే మిగిలిన వాటికి నీరు నిలకడగా వస్తుంది, ఏది కడితే ఎగువ కేంద్రం ఎత్తును మింగేస్తుంది, పైనున్న రాష్ట్రాలు తమ వాటా వాడుకున్నాక ఎంత మిగులుతుంది అన్నవన్నీ కలిపి చూడాలి. ముప్ఫై ఏళ్ల నాటి ప్రవాహాల లెక్కతో ఈనాటి ప్రాజెక్టును సమర్థించడం నాకు భయం కలిగిస్తుంది, ఎందుకంటే ఈలోగా ఎగువన ఎన్నో ఆనకట్టలు వెలిశాయి.

ముంపు గ్రామాల సంగతిని ఈ లెక్కల చివర్లో చేర్చే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. జలాపుట్, బలిమెల కింద పోయిన గిరిజన గ్రామాల వారికి ఆ కరెంటు వెలుగు చాలాకాలం అందలేదు. మీ ప్రాంతంలో షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి, ఏటూరునాగారం అభయారణ్యం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూముల హక్కులు తేలాలి. ఈ రెండింటినీ స్థల ఎంపిక నాడే పరిశీలిస్తే చాలా ప్రతిపాదనలు పుట్టకముందే పక్కకు పోతాయి. పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశం తెప్పించుకుని చదవండి; పూడిక ఎన్నేళ్లలో ఎంత చేరుతుందన్న లెక్క, దిగువకు ఎండకాలంలో వదిలే నీటి పరిమాణం, ఈ రెండూ అందులో ఉన్నాయో లేదో ముందు చూడండి.

ప్రశ్న: పోచంపాడు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) దగ్గర 36 మెగావాట్ల కేంద్రం ఉన్నా చాలా నెలలు ఆగే ఉంటుంది. అలాంటప్పుడు అది దండగ కాదా?
– రైతు, వరంగల్ జిల్లా

జవాబు: దండగ కాదు. 9 మెగావాట్ల నాలుగు యూనిట్లున్న ఆ కేంద్రం కాకతీయ కాలువ మొదట్లో ఉంది. కాలువకు సాగునీరు వదిలినప్పుడే అది తిరుగుతుంది, కరెంటు కోసమని ప్రత్యేకంగా నీటిని ఖర్చు చేయదు. ఏడాదంతా ఆగకుండా నడిస్తే 31 కోట్లకు పైగా యూనిట్లు రావాలి గాని, కాలువ విడుదల రోజులను బట్టి, జలాశయం మట్టాన్ని బట్టి అందులో కొంత భాగమే వస్తుంది. 1,091 అడుగుల నిండు మట్టం నుంచి నీరు తగ్గుతున్న కొద్దీ ఎత్తు కూడా తగ్గుతుంది, అదే నీటికి కరెంటు తక్కువ వస్తుంది. అయినా ఇందుకోసం కొత్తగా ఒక ఎకరం కూడా మునగలేదు. నా మట్టుకు నేను, ఏ నది మీదనైనా కొత్త ఆనకట్ట గురించి మాట్లాడేముందు, ఇప్పటికే ఉన్న జలాశయాల తూముల దగ్గర, కాలువ డ్రాపుల (కాలువ ఒక్కసారిగా కిందికి దిగే చోట్ల) దగ్గర ఇలా వృథాగా దూకుతున్న నీరు ఎక్కడెక్కడ ఉందో కొలిపిస్తాను. మీ ఊరి మీదుగా పోయే కాలువపై పెద్ద డ్రాపు ఉంటే, అది ఎంత ఎత్తుందో, యాసంగిలో ఎన్ని రోజులు, ఎంత లోతున నీరు వచ్చిందో రాసి పంపండి. ఇవి తెలిస్తే అక్కడ చిన్న కేంద్రం నిలుస్తుందో లేదో ప్రాథమికంగా చెప్పవచ్చు.