టెక్ సందేహాలు: సాఫ్ట్‌వేర్ వచ్చింది, నోటుబుక్కు పోలేదు

ఈ వారం మెయిళ్లలో సగానికి పైగా ఎక్సెల్ బాధలే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి నాలుగింటికి జవాబిస్తున్నాను.

సందేహం: మాది చిన్న సంస్థ. ఆర్డర్లు, స్టాకు, బిల్లులు అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో రాస్తాం, నలుగురం వాడతాం. ఇప్పుడు చూస్తే 'స్టాక్ ఫైనల్', 'స్టాక్ ఫైనల్ కొత్తది', 'స్టాక్ ఇదే వాడండి' అని మూడు ఫైళ్లు తేలాయి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్ పెట్టుకోమంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఇప్పుడే ఏదీ కొనకండి. మీ దగ్గర ఇన్ఫర్మేషన్ సిస్టమ్ ఇప్పటికే ఉంది, గజిబిజిగా ఉంది, అంతే. సమాచారాన్ని ఎవరు సేకరిస్తారు, ఎక్కడ రాస్తారు, దాన్ని చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారు అన్న ఏర్పాటు మొత్తానికీ ఆ పేరు. మనుషులు, పద్ధతులు, డేటా, యంత్రాలు అన్నీ అందులోవే. సాఫ్ట్‌వేర్ ఒక ముక్క మాత్రమే.

ముందు ఒక ఆర్డరును పట్టుకుని దాని వెంటే వెళ్లండి. కస్టమరు ఫోన్‌లో పది పెట్టెలు కావాలన్నాడు. ఎవరు రాసుకున్నారు, దేని మీద? ఎక్సెల్‌లోకి అప్పుడే ఎక్కిందా, సాయంత్రం తీరిగ్గా ఎక్కిందా? సరుకు బయటికి వెళ్లాక స్టాకు తగ్గించేది ఎవరు? చివరి నిమిషంలో రెండు పెట్టెలు వద్దంటే ఎన్ని చోట్ల దిద్దాలి? 'మూడు చోట్ల' అన్నారంటే జబ్బు దొరికినట్టే. ఏదో ఒక రోజు ఆ మూడూ మూడు లెక్కలు చెప్తాయి.

ఈ జబ్బుకు గట్టి మందు 1970లో దొరికింది. ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించారు. కస్టమర్లు ఒక పట్టికలో, సరుకులు ఇంకో పట్టికలో, ఆర్డర్లు మరో పట్టికలో ఉంటాయి. ఆర్డరు పక్కన కస్టమరు చిరునామా ఉండదు, అతనికి ఇచ్చిన కస్టమరు నంబరు మాత్రమే ఉంటుంది. చిరునామా మారితే ఒక్క చోట దిద్దితే సరి. ఇంకో లాభం: స్టాకు తగ్గించడం, ఆర్డరు నమోదు చేయడం అనే రెండు పనుల్నీ డేటాబేస్ (ఇలా పట్టికల్లో డేటా దాచే సాఫ్ట్‌వేర్) ఒకే ముడిగా వేస్తుంది. మధ్యలో కరెంటు పోతే రెండూ రద్దవుతాయి, సగం పని మిగలదు. ఎక్సెల్‌లో ఆ పూచీ లేదు.

ఎక్సెల్‌ని తక్కువ చేయడం లేదు, లెక్కలు వేయడానికి దానికి సాటి లేదు. కానీ గోదాములా వాడితే దెబ్బ తింటాం. 2020 శరదృతువులో ఇంగ్లండులో దాదాపు 16 వేల కరోనా పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి సమయానికి చేరలేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి జారిపోయాయి. ఆ కేసులకు దగ్గరగా మెలిగినవాళ్లను వెతకడమూ ఆలస్యమైంది.

మీ ఆర్డరు ప్రయాణం ఒక కాగితం మీద గీసి, ఒక్కో సమాచారానికి ఒకే చోటు, ఒకే బాధ్యుడు అని తేల్చుకున్నాక సాఫ్ట్‌వేర్ చూడండి. అప్పుడు అమ్మేవాళ్లు చూపించే డెమోకి మీరు పడిపోరు.

సందేహం: 16 అంకెల నంబరు ఎక్సెల్‌లో టైప్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతోంది. వైరస్సా?

వైరస్ కాదు, టెన్షన్ పడకండి. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతివన్నీ సున్నాలే. టైప్ చేసే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చండి. సీఎస్‌వీ ఫైలైతే (కామాలతో విడదీసి డేటా రాసిన ఫైలు) డబుల్ క్లిక్ చేసి తెరవకండి, డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని ఎంచుకోండి. కూడికలు, తీసివేతలు చేయని ఏ నంబరునైనా టెక్స్ట్‌గానే ఉంచండి. ఫోన్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోయేదీ ఇందుకే. ఇప్పటికే పోయిన అంకెలు ఆ ఫైల్లోంచి మాత్రం తిరిగి రావు, అసలు కాగితం వెతుక్కోవాల్సిందే.

సందేహం: కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి నాలుగు నెలలైంది. సిబ్బంది పక్కన నోటుబుక్కు మానట్లేదు. ఎలా మాన్పించాలి?

మాన్పించే ముందు ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని చదవండి. అందులో ఉన్నదంతా మీ సాఫ్ట్‌వేర్‌లో లేనిదే. 'ఈయనకు ఉదయం పూటే పంపాలి', 'సగం డబ్బు ముట్టింది, మిగతాది శనివారం' లాంటివి రాసుకోవడానికి తెరమీద గడి లేకపోతే పాపం వాళ్లేం చేస్తారు? నా అనుభవంలో ఇలాంటి చోట తప్పు సిబ్బందిది కావడం అరుదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేటప్పుడు మేనేజర్లను అడిగారు, రోజూ కీబోర్డు మీద కూర్చునేవాళ్లను అడగలేదు.

వ్యాపార లెక్కలకు కంప్యూటరును మొట్టమొదట వాడినవాళ్లలో బ్రిటన్‌లోని లయన్స్ అనే టీ దుకాణాల కంపెనీ ఒకటి. 1951లో వాళ్లు సొంతంగా తయారుచేసుకున్న లియో యంత్రం మీద బేకరీ సరుకుల విలువ లెక్కకట్టారు. అయితే ఆఫీసు పని ఎలా సాగుతోందో, ఎక్కడ వృథా అవుతోందో పరిశీలించే విభాగం ఆ కంపెనీలో అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉంది. కంప్యూటరు వచ్చేనాటికి పని తీరు వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు. మీరిప్పుడు వెనక నుంచి మొదలుపెట్టారు, ఫర్వాలేదు. నోటుబుక్కులో ఎక్కువసార్లు కనబడే విషయాలకు గడులు చేర్పించండి, వారం వారం కొన్ని చొప్పున. అన్నీ ఒకేసారి మార్చేస్తే మళ్లీ గందరగోళమే.

సందేహం: టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్), ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్), డీఎస్ఎస్ (డెసిషన్ సపోర్ట్ సిస్టమ్) తేడా పరీక్షకు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఒకే అమ్మకాన్ని మూడు ఎత్తుల నుంచి చూడండి. కౌంటర్లో బిల్లు కొట్టడం టీపీఎస్ పని. నెలాఖరున ఏ శాఖలో ఎంత అమ్ముడైందో మేనేజరుకు చూపించేది ఎంఐఎస్. 'ధర 5 శాతం తగ్గిస్తే లాభం ఏమవుతుంది?' అని అడిగి చూసుకునే వీలిచ్చేది డీఎస్ఎస్. కింద బిల్లు తప్పుగా కొడితే పైన రెండూ తప్పే చెప్తాయి, ఈ ముక్క జవాబుపత్రంలో రాయండి. ఉద్యోగంలో చేరాక మాత్రం ఈ మూడూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో మూడు మెనూలుగా కనబడితే ఆశ్చర్యపోకండి.

బ్యాకప్ గురించి అడిగినవాళ్లకు ఒక్క మాట: కాపీ తీసుకోవడంతో ఆగకండి. ఈ శనివారం ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి బిల్లు ఒకటి వెతికి చూడండి. దొరకకపోతే రాయండి, వచ్చే వారం దాని సంగతే చూద్దాం.