అద్దె అడిగే ముందు ఆఖరి బస్సు అడుగు

అమ్మడూ,

విజయవాడలో రెండో మెస్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కళ్లనీళ్లొచ్చాయి. బెంజ్ సర్కిల్ దగ్గర, రెండో అంతస్తు అనేసరికి నిద్ర పట్టలేదు. ముందు నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?

లైసెన్సు సంగతి నీకు తెలుసు, కొత్త చోటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు విడిగా తీసుకోవాలి. నీళ్లు, డ్రైనేజీ చూసుకో. 19 కేజీల సిలిండర్లు రెండంతస్తులు ఎవరు మోస్తారే తల్లీ?

గుంటూరులో నా మొదటి మెస్ మిర్చి యార్డు దగ్గర. సీజన్లో ఘాటుకి తుమ్ముతూనే వడ్డించేవాళ్లం. పనిచేసేవాళ్లంతా ఆ చుట్టుపక్కల ఆడవాళ్లే. మొగుడు పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు. ఎండాకాలం యార్డుకి సెలవులిస్తే గిరాకీ పడిపోయేది. జీతాలెలా ఇవ్వాలన్న భయంతో 2003లో బ్రాడీపేటలో రెండోది తెరిచాను. అంతకుముందు మూడు రోజులు ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, వచ్చేపోయే జనాన్ని లెక్కపెట్టి నోట్‌బుక్‌లో గీతలు గీసుకున్నాను. మనవాళ్లు రాత్రి ఇంటికెలా వెళ్తారో మాత్రం ఆలోచించలేదు.

గిన్నెలు తోమేసరికి పదిన్నర. బస్సులుండవు, ఆటోకే సగం కూలి. ఒకామె డబ్బులు మిగుల్తాయని నడిచి వెళ్లేది. ఒకరోజు పొద్దున్నే వచ్చి స్టోర్ తాళాలు నా చేతిలో పెట్టింది. "తాగినోళ్లు వెంటపడ్డారమ్మా. ఇక రాలేను" అంది. పరుగులో తెగిన చెప్పు పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. ఆ పిన్నీసు వైపే చూస్తుండిపోయాను.

రెండు నెలల్లో అందరూ మానేశారు. మగపిల్లల్ని పెట్టి నడిపాను. గల్లా నిండింది. ఎవరికోసం పెట్టానో వాళ్లలో ఒక్కరూ లేరు. ఏడాదికి మూసేశాను.

నీ దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువమంది సింగ్‌నగర్ నుంచే కదా? ఆడవాళ్లకి ఇప్పుడు సిటీ బస్సులు ఉచితమే, కానీ రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో చూడు. వారం రోజులు రాత్రి తొమ్మిదిన్నరకి బెంజ్ సర్కిల్ స్టాపులో నువ్వే నిలబడు. అలాగని సింగ్‌నగర్‌లోనే పెట్టకు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఏం చేసిందో చూశాంగా, గ్రైండర్లు, బియ్యం బస్తాలు మునిగితే మళ్లీ లేవలేవు.

ఆటోనగర్ చూడు. మెకానిక్కులు, లారీ బాడీలు కట్టేవాళ్లు మధ్యాహ్నం కడుపునిండా తింటారు. మధ్యాహ్నం భోజనాలతోనే అద్దె వస్తుందా, లెక్కేసుకో. వస్తే ఆరింటికల్లా షట్టర్ దించెయ్యి. రాత్రి బేరం పోతే పోనీ.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదుగా? ఇవ్వకు. ఆదివారం నేనొస్తున్నాను. ఆ స్టాపులో నీతో నేనూ నిలబడతాను. మోకాళ్ల నొప్పులని ఆపకు. గోంగూర పచ్చడి సీసా తెస్తున్నా, వేళకి తిను.

మీ పెద్దమ్మ