బ్యాగుతో ఉరుకుడు, రోజుకో నొప్పి గోలి.. డికాక్షన్ రంగు మూత్రం సంగతేంది తమ్మీ? | డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 25, బరువు 64 కిలోలు. ఆర్మీలో సిపాయిని, మాది ములుగు జిల్లా. పారా ఎస్ఎఫ్ (ఆర్మీ స్పెషల్ ఫోర్సెస్ కమాండో దళం) ప్రొబేషన్‌కు, అంటే దాంట్ల చేరే ముందు పెట్టే పరీక్షా కాలానికి, వాలంటీర్ అయిన, ఇంకో ఏడు వారాల్లో రిపోర్ట్ చేయాలె. ఇప్పుడు లీవుల హన్మకొండలో అక్క వాళ్లింట్ల ఉండి వడ్డేపల్లి చెరువు కట్ట మీద, కేయూ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తున్న. 20 కిలోల బ్యాగ్ వేసుకొని 10 కిలోమీటర్లు ఉరుకుతున్న. మూడు వారాల నుంచి కుడికాలు ముందు బొక్క నొస్తుంది, ఉరికే ముందు ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే తెలుస్తలేదు. ఊర్ల ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు కూడా వేయించుకున్న. పోయిన ఆదివారం కొంచెం ఎక్కువ చేసిన, తెల్లారి మూత్రం డికాక్షన్ లెక్క వచ్చింది, తర్వాత తగ్గింది. అక్కడ నిద్ర ఉండదంటరు కాబట్టి అలవాటు కోసం రాత్రి 3 గంటలే పడుకుంటున్న. ఏ ప్రోటీన్ పౌడర్ మంచిది? మనసు గట్టిపడాలంటే ఏం చేయాలె? సెలెక్ట్ కాకపోతే ఊర్ల మొఖం చూపియ్యలేను సార్.

జవాబు: తమ్మీ, వయసు చూసి నువ్వు అనే రాస్తున్న, ఏమనుకోకు. ఓపీల ఇద్దరు పేషెంట్ల నడుమ నీ ప్రశ్న చదివిన, పౌడర్ గురించి నాలుగు ముక్కలు రాసి పంపిద్దామనుకున్న గానీ "డికాక్షన్ లెక్క" అన్న కాడ ఆగిపోయిన. నువ్వేమో దాన్ని నడుమల ఒక ముచ్చటగా చెప్పి దాటేసినవ్, నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద విషయం అదే.

శక్తికి మించి కష్టం పెడితే కండరం లోపల పగిలిపోయి దాంట్ల ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలకు దిగుతది, అది కిడ్నీల నుంచి పోయేటప్పుడు మూత్రం డికాక్షన్ రంగులో, కోకాకోలా రంగులో వస్తది. దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటం. నీకు అదే అయ్యిందని నేను అనట్లేదు, చూడకుండ పరీక్ష చేయకుండ అట్ల అనే హక్కు నాకు లేదు, నీళ్లు తక్కువ తాగినా మూత్రం ముదురు రంగుల వస్తది, వేరే కారణాలు కూడా ఉంటయ్. కానీ బరువుతో ఉరికిన తెల్లారే వచ్చింది కాబట్టి ఊకోవద్దు. ఇయ్యాలనే సీపీకే (కండరం దెబ్బతిన్నదా చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం, మూత్ర పరీక్ష చేయించు. మూత్రం స్ట్రిప్ మీద రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు కనపడకపోతే మాకు అనుమానం గట్టిపడతది. ఇంకోటి, సీపీకే మొదటి రెండు మూడు రోజులల్ల బాగా పెరిగి తర్వాత దిగుతూ పోతది, కాబట్టి ఇప్పుడు నార్మల్ వచ్చిందంటే ఆదివారం ఏం కాలేదని అర్థం కాదు, క్రియాటినిన్ తప్పకుండ చూడాలె. మళ్లీ ఆ రంగు వచ్చినా, మూత్రం తగ్గినా, వాంతులు అయినా, తొడలు ఉబ్బి లేవలేకపోయినా రిపోర్టుల కోసం చూడకు, సీదా వరంగల్ ఎంజీఎం హాస్పిటల్ క్యాజువాలిటీకి పో.

ఇగ గోలీల సంగతి. నన్ను తెలిసినోళ్లు సార్ మళ్లీ మొదలుపెట్టిండు అంటరు, అననీ. నువ్వు పేరు రాయలేదు, డైక్లోఫెనాకో అసిక్లోఫెనాకో ఐబూప్రోఫెనో ఏదో అయ్యుంటది. చెమట పోయి ఒంట్ల నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాలు ముడుచుకోకుండ ఒంట్లనే తయారయ్యే ఒక పదార్థం కాపాడతది, ఈ గోలీలు సరిగ్గా దాన్నే ఆపేస్తయ్. ఇంట్ల కూసున్నోడు రెండు రోజులు వేసుకుంటే చాలామందికి ఏం కాకపోవచ్చు. అదే గోలి వేసుకొని ఏప్రిల్ ఎండల 20 కిలోలు మోస్తూ ఉరికితే, అటు కండరాల చెత్త వచ్చి పడ్తుంది, ఇటు కిడ్నీకి రక్తమే సరిగ్గ అందట్లేదు, ఎట్ల తట్టుకుంటది చెప్పు. ఉరికే ముందు గోలి బంద్, ఇంక దీంట్ల బేరం లేదు.

పోయిన ఎండాకాలం ఒక పిల్లగాన్ని దోస్తులు ఆటోల పడేసుకొని తెచ్చిన్రు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసేటోడు. బరువు తగ్గాలని పైన రెయిన్ కోట్ వేసుకొని పొద్దుగాల 10 దాటినంక ఉరికిండు. అంగీ మీద ఉప్పు తెల్లగ పేరుకొని ఉంది, వాళ్లమ్మను పట్టుకొని ఎవరు నువ్వు అంటున్నడు, ఒళ్లు 41 డిగ్రీలు కాలుతుంది. దోస్తులు తొవ్వ పొంటి నోట్ల నీళ్లు పోసుకుంట వచ్చిన్రంట, స్పృహ సరిగ్గ లేనోనికి అట్ల పోయొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతయ్. గ్రౌండ్ పక్కన నల్లా ఉంది, అక్కడనే రెయిన్ కోట్ ఇప్పి ఒళ్లంతా తడిపి గాలి కొట్టి, ఒక దిక్కు 108కు ఫోన్ చేసి ఉంటే ఎంత బాగుండేదో. వడదెబ్బల ముందు చల్లబర్చాలె, మోసుకపోవుడు తర్వాత. ఆ పిల్లగాడు బతికిండు, నాలుగు సార్లు డయాలసిస్ అయినంక. జేబుల సగం అయిపోయిన నొప్పి గోలీల షీట్ దొరికింది, అందుకే ఇంతగ చెప్తున్న.

సూదుల గురించి. ఆర్ఎంపీ ఏం వేసిండో నీకు తెల్వదు, అడగలేదు కూడా. నొప్పి సూదుల్లో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి వేసుడు మన దిక్కు కొత్తేం కాదు, ఆ రోజు గుర్రం లెక్క ఉరుకుతవ్, కానీ మాటిమాటికి వేస్తే ఒంట్ల సొంతంగ తయారయ్యే స్టెరాయిడ్ మందగిస్తది, కొందరికి తుంటి బొక్క రక్తం అందక చచ్చిపోతది. రెండు సూదులకే అయిపోయినవ్ అని భయపెట్టట్లేను, మూడోది వద్దంటున్న.

కాలు. అద్దం ముందట కూసోని బొటనవేలితో ముందు బొక్కను పైనుంచి కిందికి అంగుళం అంగుళం నొక్కుకుంట రా. చారెడు పొడుగునా సలుపు ఉంటే షిన్ స్ప్లింట్స్ (ఎక్కువ ఉరుకుడుతోని ముందు బొక్క పొంటి వచ్చే నొప్పి) కావచ్చు, ఒక్క రూపాయి బిళ్లంత జాగల నొక్కితే ఎగిరిపడ్తే, రాత్రి పండుకున్నంక కూడా గుంజితే, స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానించాలె, అంటే బొక్కల సన్న చీలిక. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేల ఏం కనపడకపోవచ్చు, నార్మల్ ఉంది సార్ అని ఫొటో పంపి మళ్లీ ఉరికేటోళ్లను చాలామందిని చూసిన. ఆర్థో డాక్టర్ దగ్గరికి పో, ఎంఆర్ఐ అవసరమా కాదా ఆయన చెప్తడు, విటమిన్ డి కూడా చూస్తరు. చీలిక ఉంటే ఉరుకుడు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆపాలె. నీ దగ్గర ఏడు వారాలే ఉన్నయ్, లెక్క నాకూ తెలుసు, అందుకే నీకు నచ్చదని కూడా తెలుసు. కానీ ప్రొబేషన్ మొత్తం దాటితే ఆగ్రా పోయి పారాచూట్‌తోని 5 జంపులు చేయాలె, దిగేది ఆ కాలు మీదనే కదా. నొప్పి గజ్జల్లకు వస్తే మాత్రం ఆ రోజు నుంచి కాలు మీద బరువే పెట్టకు, తుంటి మెడ దగ్గరి చీలిక ముదిరితే ఆపరేషన్ దాకా పోతది.

యూనిట్ల చెప్తే పంపియ్యరు అనుకుంటున్నవేమో, నువ్వు రాయలేదు గానీ ప్రైవేటుగ సూదులు వేయించుకున్నవంటే ఆలోచన అదే అయ్యుంటది. ఎంఐ రూమ్‌ల (యూనిట్ల ఉండే డాక్టర్ గదిల) ముందే చెప్పుకున్నోనికి తారీఖు మార్చమని అడిగే దారైనా ఉంటది, దాచిపెట్టుకొని పోయి బరువు మోసే మార్చ్ నడుమ కూలబడ్డోనికి ఏముంటది? సికింద్రాబాద్‌ల మిలిటరీ హాస్పిటలే ఉంది, లీవులనే చూపించుకో.

ములుగు అన్నవ్ కాబట్టి ఒక మాట అడుగుతున్న, కోయ, గోండు కుటుంబాలల్ల సికిల్ సెల్ (అమ్మానాన్నల నుంచి వచ్చే రక్త జబ్బు) ఎక్కువ కనపడ్తది, మిగతా వాళ్లకు రాదని కాదు. నీకు ఎప్పుడన్నా పరీక్ష అయ్యిందా? 2023ల దేశమంతా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైనంక ఏజెన్సీ ఊర్లల్ల క్యాంపులు పెట్టి చేస్తున్నరు, కార్డు ఉంటే చూసుకో. ట్రెయిట్ అంటే ఆ జీన్ అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కరి నుంచే వచ్చుడు, అది జబ్బు కాదు, చాలామంది ట్రెయిట్ ఉన్నోళ్లు జీవితమంతా మామూలుగనే ఉంటరు, ఆటలు ఆడతరు. కాకపోతే ఎండ, దూప, ఆపకుండ శక్తికొద్దీ ఉరుకుడు, ఈ మూడూ కలిస్తే వాళ్లల్ల కండరాలు పగలడం, కూలబడడం మిగతావాళ్ల కంటే ఎక్కువ, అందుకే తెలిసి ఉండాలె. పనికొస్తవా లేదా అన్నది ఆర్మీ డాక్టర్లు తేల్చేది, నేను కాదు. అట్లనే మీ ఇంట్ల చిన్న వయసుల ఎవరన్నా ఉన్నట్టుండి చనిపోయిన్రా, ఉరికేటప్పుడు నీకు ఎప్పుడన్నా కళ్లు తిరిగి పడిపోయినట్టు అయ్యిందా, అయితే ఈసీజీ, ఎకో లేకుండ బ్యాగ్ ముట్టకు.

రిపోర్టులన్నీ మంచిగ వచ్చి డాక్టర్ సరే అన్నంకనే మళ్లీ మొదలు. 8, 10 కిలోలతోని నడక, వారానికి ఒక్కసారి, మట్టి తొవ్వల. బరువు పెంచిన వారం దూరం పెంచకు. బ్యాగ్‌తోని డాంబర్ రోడ్డు మీద ఉరుకుడైతే వద్దే వద్దు. ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడ్తది, మన దగ్గర మేల 43, 44 డిగ్రీలు ఉంటది, మెల్లగ పెంచుకుంట పో, జ్వరమో మోషన్సో ఉన్న రోజు సెలవు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటర్ నీళ్లల్ల ఒకటి. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా రక్తంల సోడియం పడిపోతది, అది కూడా ప్రమాదమే.

3 గంటల నిద్ర ఎవరు చెప్పిన్రు నీకు? నిద్ర లేకుండ ఉండుడు రోజూ మేల్కొని నేర్చుకునే విద్య కాదు, పైగా నిద్ర తక్కువైతే వడదెబ్బ ముప్పు పెరుగుతది, బొక్క మానేది లేటైతది. ముందు కొన్ని రోజులు కడుపునిండ పడుకున్నోళ్లే తర్వాత నిద్రలేని రాత్రులను కొంత మేలుగ తట్టుకున్నరని పరిశోధనల్ల తేలింది. రాత్రి 8 గంటలు పండుకో, ఇదే నీ ట్రైనింగ్ అనుకో.

మనసు గురించి అడిగినవ్. నేను సైకియాట్రిస్టును కాదు, తెలిసినంత చెప్త. కట్ట మీద ఉరికేటప్పుడు ఇంకా ఏడు కిలోమీటర్లు ఉంది అనుకోకు, ఆ కరెంట్ స్తంభం దాకా అనుకో, అది దాటినంక ఇంకో స్తంభం. నెలల తరబడి సాగేదాన్ని పొద్దటి చాయ్ నుంచి పగటి అన్నం దాకా, అన్నం నుంచి పొద్దుగూకే దాకా ముక్కలు చేసుకున్నోళ్లు నిలబడతరని అక్కడికి పోయొచ్చిన నా పేషెంట్ ఒకాయన చెప్పిండు, నాకూ నిజమే అనిపిస్తది. కానీ "ఊర్ల మొఖం చూపియ్యలేను" అన్నది నాకు మంచిగ అనిపియ్యలే. ప్రొబేషన్ పాస్ కానోళ్లు తిరిగి తమ యూనిట్‌కే పోతరు, నౌకరీ పోదు, యూనిఫాం పోదు, నీకే బాగా తెలుసు. ఆ మాట ఊరికే అన్నవా, లేక రాత్రిళ్లు ఇంకేమన్నా పిచ్చి ఆలోచనలు వస్తున్నయా? వస్తే అక్కకు చెప్పు, లేదంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్, తెలుగుల మాట్లాడతరు, పైసలు అక్కర్లేదు.

పౌడర్ దగ్గరికి వస్తే, నీ బరువుకు రోజుకు దగ్గర దగ్గర 100 గ్రాముల ప్రోటీన్ సరిపోతది. నాలుగు గుడ్లకే 24 గ్రాములు, పావు కిలోకు తక్కువ చికెన్, రెండు పూటల పప్పు, పెరుగు, పల్లీలు, అక్క చేతి వంటనే చాలు. క్రియాటినిన్ రిపోర్ట్ చూడకుండ ఏ డబ్బా మూత తియ్యకు, జిమ్ముల అమ్మే ప్రీ వర్కౌట్ అయితే అసలే వద్దు.

బయట ఇంకా పదిమంది ఉన్నరు, పేరు పిలుస్తున్నరు. ఒక్కటి మర్చిపోకు, ఇయ్యాల ఊరికి ఫోన్ చేసి ఆ రెండు సూదుల పేర్లు ఏందో ఆర్ఎంపీని అడుగు, ఖాళీ సీసా ఉంటే ఫొటో పెట్టమను, నువ్వు వేసుకున్న గోలీల షీట్ కూడా జేబుల పెట్టుకొని డాక్టర్ టేబుల్ మీద పెట్టు.